జేబులో పట్టే పిట్టల పుస్తకం

ఓబులేసూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ పొద్దున అనంతపురంలో పిట్టలను గుర్తుపట్టే పుస్తకం కొన్నాను. అంగడివాడు మూడు చూపించాడు. మూడింటిలోనూ ముందు మనం తగువుపడిన తీతువు పేజీయే తెరిచాను. కంటి దగ్గర ఎర్రతోలు ఉన్నదీ, పసుపుతోలు ఉన్నదీ వేరువేరు పిట్టలని మూడూ రాశాయి. ఒకదాన్ని చూసి ఒకటి కాపీ కొట్టి ఉంటాయని నా అనుమానం.

పసుపుది ఎర్రదాని పిల్లేనని నేనంటే, టీకొట్టు ముందర "ఏమప్పా, గొర్రెలు మేపేవాని కండ్లు కండ్లు కావా?" అన్నావు. అబద్ధాలకోరువన్నాను. పోయేదాకా నువ్వు నాతో మాట్లాడలేదు.

"పెద్దది తీసుకో సామీ, బొమ్మలు బాగుండాయి" అన్నాడు అంగడివాడు. అమ్ముడుపోనిది నాకు అంటగట్టాలని వాని ఎత్తు. చొక్కా జేబులో పట్టేదే తీసుకున్నాను. నువ్వు గొర్రెలు మేపిన బీడు దాకా మోయాలి కదా.

సాయంత్రం అక్కడ పసుపుది గుడ్ల మీద కూర్చుని ఉంది. పిల్ల గుడ్లు పొదగదు కదా, ఓబులేసూ. పుస్తకం తెరవలేదు.