‘అయినట్టే’ అనకు బాపూ

బాపూ, నేనిక్కడ మంచిగానే ఉన్నాను. ఫోన్లో చెప్తే నవ్వి మాట మారుస్తావని కార్డు రాస్తున్నాను.

ఆఫీసులో నన్ను పొద్దున్నే నిలబెడుతున్నారని అమ్మ వాడంతా చెప్తున్నదట. అది శిక్ష కాదు. నిలబడి మాట్లాడితే మీటింగ్ తొందరగా ముగుస్తుందని అందరం నిలబడతాం. మాది ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మే కంపెనీ. ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో రోజూ అడిగి, అడ్డుపడేది తొలగించడమే నా కొలువు.

మొన్న దసరా సేల్ తెరిచే ముందు, పైసలు కట్టే పేజీ సంగతి కమలాకర్ అనే ఇంజనీరును అడిగాను. “అయినట్టే మేడం” అన్నాడు. అందరూ తలూపారు. మన స్నానాల గది గొళ్ళెం బాగుచేసుడు నా పదో తరగతి నుంచీ నీ నోట ‘అయినట్టే’ కదా, నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. “జర ఆగుండ్రి, ఒక్క చీర కొని చూద్దాం” అన్నాను. కొనబోతే పేజీ తెల్లగా నిలిచిపోయింది. మేనేజర్ ముఖం ముడుచుకున్నా సేల్‌ను ఒక రోజు ఆపించాను. కమలాకర్ పేజీని సరిచేశాక మర్నాడు సాఫీగా నడిచింది. ఇప్పుడు మా టీంలో ఆ మాట బంద్. అయ్యిందనాలి, లేదా కాలేదనాలి.

మన పక్కింటి హరిత ఇటు వస్తే ఆమె చేతికి కారప్పొడి ఇచ్చి పంపండి. అమ్మకు, అవ్వకు నా దండాలు.

అవ్వ మసక కన్ను దవాఖానలో చూపించావా? ఫోన్లో అడిగితే అదీ ‘అయినట్టే’ అన్నావు. గొళ్ళెం ఇంకొన్నాళ్లు ఆగుతుంది గానీ కన్ను ఆగదు. అయ్యిందో, కాలేదో రాయి.

నీ బిడ్డ
మమత