జూలై ఒకటి మా తండాది

వాగవతలి తండా,
టేకులపల్లి మండలం,
జూన్ 20

'చరిత్రలో ఈ రోజు' రాసే సుజాత మేడం గారికి, హాతీరాం నమస్కారాలు.

మీ పేపర్లో ఏ తేదీన ఏం జరిగిందో, ఎవరు పుట్టారో, ఎవరు పోయారో రోజూ వేస్తారు. జూలై ఒకటి మా తండాది. ఇంటింటా ఆ తేదీవాళ్ళే. పేర్లు పంపుతున్నాను. మా వాగు మీద వంతెన కోసం ఏళ్ళుగా తిరుగుతున్నాను. వానాకాలం పిల్లలకు బడి లేదు, కాన్పుకు దవాఖానా అందదు. ఆఫీసుకు పోతే "గా తండా యాడున్నదే?" అంటారు. పేపర్లో పడితేనన్నా మేమున్నట్టు తెలుస్తుంది. వేసేదాకా రాస్తూనే ఉంటాను.

ఇట్లు,
హాతీరాం

తా.క.: నా భార్య పూలి పేరు ముందు, నాది వెనక. వరస మారితే పూలి ఊరుకోదు.

ఖమ్మం,
జూలై 2

హాతీరాం గారికి,

మీ ఉత్తరం చదివి కళ్ళు చెమర్చాయి. నిన్న 'మరణాలు' కింద అందరి పేర్లూ వేశాం, డాక్టర్ బి.సి. రాయ్ గారి పక్కనే. ధైర్యంగా ఉండండి.

సానుభూతితో,
సుజాత

తా.క.: పూలి గారి ఆత్మ ఊరుకోదన్నారు గనుక ఆమె పేరే ముందు వేశాం. మీ పేరూ వెయ్యమన్నారు. దుఃఖంలో ఉన్నవారి మాట కాదనలేకపోయాం.

వాగవతలి తండా,
జూలై 6

మేడం గారికి, చనిపోయిన హాతీరాం రాయునది.

మేమంతా బతికే ఉన్నాం. జూలై ఒకటి మా పుట్టినరోజు. బడిలో చేర్చేటప్పుడు మా అమ్మలు "వానలు పడ్డంక పుట్టిండు సారూ" అన్నారు. సారు అందరికీ ఆ తేదీయే రాసేశాడు. ఆధార్‌లోనూ అదే. బడి మొహం చూడని పూలికి నా తేదీయే ఇచ్చాను.

ఇల్లందు నుంచి చుట్టాలు ఏడ్చుకుంటూ దిగారు. వాళ్ళకు వండిపెడుతూ పూలి "సచ్చినదాన్ని గూడ పొయ్యికాడనే నిలబెట్టినవ్" అంది. సవరణ వెయ్యండి.

ఇట్లు,
హాతీరాం

తా.క.: రాయ్ గారు పుట్టిందీ పోయిందీ జూలై ఒకటినేనట. పెద్దవాళ్ళకు చెల్లింది. మాకు ఒకటి చాలు.

ఖమ్మం,
జూలై 9

హాతీరాం గారికి,

క్షమించండి. ఒక్క తండాలో అంతమంది ఒకే రోజు పుడతారని తోచలేదు. ఏదో ప్రమాదమనుకున్నాను. ఆదివారం సవరణ వస్తుంది.

సిగ్గుతో,
సుజాత

తా.క.: పేపరు చూసి ఒక పెద్ద ఆఫీసరు గారు మీ తండాకు పరామర్శకు బయల్దేరారట. ఆపుదామంటే ఆయన ఫోన్ కలవడం లేదు.

వాగవతలి తండా,
శనివారం

మేడం గారికి,

సవరణ ఆపండి. అందుకే ఈ ఉత్తరం మా తండా కుర్రాడు లాలుకిచ్చి మోటార్ సైకిల్ మీద పంపుతున్నాను.

ఆఫీసరు జీపు మా వాగులో దిగబడింది. తండా అంతా కలిసి తోశాం. ఆయన బురద కాళ్ళతో గట్టెక్కి "మిగిలినోళ్ళు మీరేనా?" అన్నాడు. "అవ్ సార్, మిగిలినోళ్ళం మేమే" అన్నాను. అబద్ధమైతే కాదు కదా. "ఇంతమంది ఎట్ల పోయిన్రు?" అన్నాడు. నేను వాగు వైపు చూశాను. అక్కడికక్కడే వంతెనకు సంతకం పెట్టాడు. పోయినవాళ్ళ పేర్లతో శిలాఫలకం కూడా వేయిస్తాడట.

వంతెన లేచేదాకా మేము లేవము. ప్రారంభం వచ్చే జూలై ఒకటిన. ఆ రోజు ఇలా వెయ్యండి. సంఘటన: వాగవతలి తండాకు వంతెన. జననాలు: మేమంతా.

ఇట్లు,
స్వర్గీయ హాతీరాం

తా.క.: ఫలకం మీద కూడా పూలి పేరే ముందు. ఇప్పుడు ఊరుకుంది.