పిడుగు నిద్ర

ప్రియమైన చిట్టీ,

నువ్వు క్రేన్ నడిపే శిక్షణకి వెళ్ళి పది రోజులైంది. ఫోన్‌లో నీ గొంతు వినబడితే పిడుగు ఫోన్ లాక్కుంటాడు, ఇవ్వకపోతే నేలకేసి తల కొట్టుకుంటాడు. అందుకే కాయితం పట్టాను.

నీ కొడుకు బాగానే ఉన్నాడు, కంగారు పడకు. రెండున్నరేళ్ళ వాడికి అంత బలం ఎక్కడిదో గానీ, నిన్న నా గుండీల డబ్బా ఎత్తి కుట్టుమిషన్ మీద కుమ్మరించాడు. కొలతలివ్వడానికొచ్చిన నర్సమ్మ చెయ్యి కొరికాడు. "షాపులో కుక్కపిల్లని పెంచుతున్నారా?" అంది ఆవిడ నవ్వుతూనే. నాకు నవ్వు రాలేదు.

రాత్రుళ్ళు మాత్రం మొద్దు నిద్ర. ఆ గురక వినాలి! మీ బావ "నాకు పోటీ వచ్చాడే" అని మురిసిపోతున్నాడు.

క్రేన్ ఎక్కేటప్పుడు కిందకి చూడకు.

నీ అక్క

*

ప్రియమైన అక్కా,

గురక సంగతి క్యాంటీన్‌లో అందరికీ చదివి వినిపించాను, ఒకటే నవ్వులు. వాణ్ణి పక్కకి తిప్పి, తల కింద రెండు దిండ్లు పెట్టి పడుకోబెట్టు. వాడికి అలాగే అలవాటు.

ఇక్కడ ఇరవై మంది మగాళ్ళ మధ్య ఆడదాన్ని నేనొక్కదాన్నే. నిన్న ఇనుప పెట్టెని కొక్కేనికి తగిలించి, గీసిన గీత మీద సరిగ్గా దించాను. "చెయ్యి వణకలేదే" అన్నారు మాస్టారు. వాడి నాన్న పోయాక, నా కాళ్ళ మీద నేను నిలబడగలనని మొదటిసారి అనిపించింది. మధ్యలో మానేస్తే మళ్ళీ చేర్చుకోరట. ఇంకో మూడు నెలలు ఓపిక పట్టక్కా.

నీ చిట్టి

*

చిట్టీ,

ఈ మూడు నెలలూ నీకు అన్నీ మంచి మాటలే చెప్పాను. ఇవాళ అబద్ధం రాయను.

వాణ్ణి బాలబడిలో వేస్తే మూడో రోజుకే పంపించేశారు. ఒక పిల్లని తోశాడట, ఇంకొకడి చెవి కొరికాడట. "ఇంట్లో కొడతారా వీణ్ణి?" అని అడిగింది టీచరమ్మ. తల దించుకుని వచ్చేశాను. ఆ పొద్దున్నే కొట్టాను మరి.

నోట్లో ముద్ద ఉండగానే కూర్చున్నచోటే నిద్రకి తూలిపోతాడు. లేపితే చాలు, తాడు తెంపుకున్న దూడ. మొన్న కత్తెర విసిరితే నా నుదుటికి తగిలింది.

ఒక మాటంటాను, కోప్పడకు. తండ్రి లేడని నువ్వు గారం మరీ ఎక్కువ చేశావు.

అక్క

*

అక్కా,

వాణ్ణి కొట్టకు. వాడు కావాలని చెయ్యడు. నీకు దణ్ణం పెడతాను, కొట్టకు. ఇంకో మూడు వారాల్లో పరీక్ష, అది కాగానే వచ్చి తీసుకెళ్తాను. గారం మాట బాగా గుచ్చుకుంది. అయినా పడాల్సిందే.

చిట్టి

*

చిట్టీ,

పిడుగు క్షేమం. ముందు ఆ మాట రాసి, తర్వాత మిగతాది.

పొద్దున ఫోన్‌లో "ఆపరేషన్, బయల్దేరి రా" అని మాత్రమే చెప్పాను. అసలు సంగతి నీ ముఖం చూస్తూ చెప్పలేను. ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను, నువ్వు రాగానే చేతిలో పెడతాను.

బడి యూనిఫారాలు కుట్టి ఇవ్వాలి, గడువు దగ్గరపడింది. వాడు మిషన్ దగ్గర కూర్చోనివ్వడు. అందుకని వారం రోజులుగా మధ్యాహ్నం పూట వాడికి జలుబు మందు అర చెంచా పోస్తున్నాను. జలుబుకి కాదు, మత్తుగా పడుకుంటాడని.

నిన్న కుడుతూ ఉంటే గురక ఆగిపోయింది. అమ్మయ్య అనుకున్నాను. ఎందుకో తిరిగి చూశాను. డొక్కలు ఎగరేస్తున్నాడు గానీ ఊపిరి లోపలికి పోవడం లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఎత్తి కుదిపితే ఒక్కసారి గుక్క తీశాడు. చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను.

టాన్సిల్స్, ముక్కు వెనక కండ పెరిగి గాలి దారిని మూసేస్తున్నాయట. రాత్రంతా ఊపిరాడక, వాడికే తెలియకుండా పదే పదే మెలకువ వస్తుందట. "నిద్ర చాలకపోతే పెద్దవాళ్ళు తూగుతారమ్మా. పిల్లలు చాలామంది ఇలా కొరికి, తోసి తిరగబడతారు" అన్నారు డాక్టరు. మందు సంగతి చెప్పాను. అలాంటి పిల్లలకి మత్తు మందు పోస్తే ఊపిరి ఇంకా అణిగిపోతుందన్నారు.

నన్ను ఏమన్నా పడతాను.

అక్క

*

ప్రియమైన అక్కా,

వాడి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో నాలుగు రోజులు ఒకే బల్ల మీద కూర్చున్నాం. "క్షమించవే" అని నువ్వు నా చేతులు పట్టుకుని ఏడిస్తే నేను నీ వీపు నిమిరాను. నా తప్పు మాత్రం దాచుకున్నాను.

వాణ్ణి నీ దగ్గర వదలడానికి ముందు నెలలో, జలుబు చేస్తే ఒక డాక్టరమ్మకి చూపించాను. గురక గురించి, నిద్రలో ఊపిరి ఆగడం గురించి అడిగింది. ఉందన్నాను. నిద్ర చాలకే వాడికి ఈ కొరకడం, తోయడం అంది. ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని, ఆపరేషన్ పడొచ్చని చీటీ రాసిచ్చింది. ఆ వారమే శిక్షణకి పిలుపొచ్చింది. నీకు చెబితే వాణ్ణి ఉంచుకోవేమోనని భయపడ్డాను. నాలుగు నెలల్లో ఏమైపోతుందిలే అనుకున్నాను. చీటీని పెట్టెలో బట్టల అడుగున దాచాను.

నాకు తెలుసక్కా. నేను చెప్పుంటే నువ్వు ఆ మందు ముట్టుకునేదానివి కాదు, వాణ్ణి కొట్టేదానివీ కాదు. తప్పంతా నీదేనని నువ్వు ఏడుస్తుంటే నాకు తేలికగా అనిపించింది. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

పరీక్షకి తిరిగొచ్చాను, పాసయ్యాను. ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.

చిట్టి

*

చిట్టీ,

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. మీ బావకి చూపించలేదు. చూస్తే నిన్ను గుమ్మం తొక్కనివ్వడు.

మందు పోసింది నేను. దాన్ని నీ మీదకి నెట్టను. కానీ వాణ్ణి కొట్టానని నేను రాసినప్పుడు, వాడు ఎందుకలా చేస్తున్నాడో నీకు తెలుసు. "కావాలని చెయ్యడు" అని రాసి ఊరుకున్నావు. నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. ఆ మాట దాటి ముందుకి వెళ్ళలేకపోతున్నాను.

వాడికి గొంతు నొప్పి తగ్గింది. నిన్న కూడా ఒకసారి కొరికాడు. కొరికి, నా చెయ్యి ఎక్కడ లేస్తుందోనని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అది నేను నేర్పిందే. ఇవాళ పొద్దున మాత్రం తనంతట తనే లేచి, నా పక్కన కూర్చుని గుడ్డముక్కలతో గంటసేపు ఆడుకున్నాడు. వాడు అంతసేపు ఒకచోట కూర్చోవడం నేను చూడలేదు.

ఆదివారం రా. గేటు చప్పుడైతే చాలు, "అమ్మ" అంటూ పరిగెడుతున్నాడు. తలుపు తీస్తాను, అన్నం పెడతాను, మీ ఇద్దరికీ పక్క వేస్తాను. నాతో మాత్రం మాట కలపడానికి చూడకు. నాకు మాట వచ్చిన రోజున నేనే పిలుస్తాను.

అక్క