నీ సమాధిలో జానెడు చోటు

సుగుణా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మీ చెల్లెలు రూతూ నేనూ సమాధుల తోటకు వచ్చి నీకు పూలు పెట్టాం. నేను పోయాక నన్నూ నీ సమాధిలోనే, నీ పైన పెట్టడానికి వీలవుతుందా అని గుంటలు తవ్వే యాదగిరిని అడిగాను.

“అమ్మకు మామూలు లోతే తీసినం సార్. ఇద్దరికైతే షురూలనే చెప్పాలె, ఇంకా కిందికి తవ్వుతుంటిమి.”

ఆ రోజు ఒక్కరికా, ఇద్దరికా అని అడిగారు. ఒక్కరికే అన్నాను. నా సంగతి తోచలేదు.

ఇక్కడ కొత్త సమాధులకు చోటు లేదు. గోడ అవతలంతా సాఫ్ట్‌వేర్ వాళ్ల అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఇక మిగిలింది బొల్లారం దాటాక ఉన్న కొత్త స్థలమే.

యాదగిరే మళ్లీ అన్నాడు: “బూడిదైతే అమ్మ మీదనే పెట్టొచ్చు సార్. జానెడు గుంట సాలు.”

రూతు ఉలిక్కిపడింది. “మనలో ఎవరైనా కాల్పించుకుంటారా బావా? అక్క ఉంటే ఊరుకునేదా?”

ఊరుకునేదానివి కాదు. స్టవ్ వెలిగించడానికి కూడా నన్నే పిలిచేదానివి. అయినా చర్చి ఆఫీసుకు వెళ్లి, నాకు దహనమే చేయమని రాసి సంతకం పెట్టాను.

బొల్లారం చాలా దూరం, సుగుణా.