వాన పడేదాకా గడ్డి

మార్చి 3, సోమవారం

ఈ రోజు నుంచి రాస్తాను. ఎవరి కోసమూ కాదు. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి, అంతే.

పొద్దున్నే పందెం పడింది. నా భార్య గంగమ్మ కాఫీ గ్లాసు నా ముందు టక్కున పెట్టి చెప్పేసింది. ఇంటి ముందర గడ్డి వానలు పడేదాకా బతికితే ఈడే ఉందాం, మన్ను తేలిందో మూటాముల్లె కట్టుకొని గౌనిపల్లికి పోదాం, మా మునేషు ఎప్పట్నుంచో పిలస్తా ఉండాడు, ఇంగ మాట్లాడొద్దు అని. మునేష్ ఆమె తమ్ముడు. మంచివాడు. అదే నా కష్టం. చెడ్డవాడైతే రానని చెప్పడం సులభం. బావమరిది ఇంట్లో కూర్చుని, వాడు పోయించిన కాఫీ తాగుతూ, వాడు పెట్టిన టీవీ చూడడం నా వల్ల కాదు.

గడ్డి ఎందుకంటే దుమ్ముకి. బంగారు గని మూసేసేదాకా నేను అందులో డ్రిల్లింగ్ మెషీన్ పట్టినవాణ్ణి. ఆ రాతి పొడి ఛాతీలో కూర్చుంది. ఎండాకాలం గాలి లేస్తే, బంగారం తీశాక పారబోసిన సైనైడ్ మట్టి గుట్టల మీది పొడి మా గని కూలీల లైన్ ఇళ్ళ మీదికి వస్తుంది. ఇంటి ముందు ఉత్త మట్టి ఉంచొద్దు, ఏదైనా పచ్చగా పెంచండి అని డాక్టర్ అన్నాడు. కిందటి వానల్లో మెక్సికన్ గ్రాస్ వేశాను. ఇప్పుడు దట్టంగా ఉంది. దాన్ని ఇలాగే ఉంచితే చాలు.

మార్చి 9, ఆదివారం

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే సన్నగా, విసనకర్రలా చిమ్ముతుంది. ఒక్క గజం కూడా వదలను. దుమ్ము అణిగిన వాసన వస్తుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. నాకు నీళ్ళు కొట్టడం ఒకరు నేర్పాలా!

మార్చి 22, శనివారం

అంచులు ఎండుతున్నాయి. ఎండ ముదిరింది కదా అని మధ్యాహ్నం కూడా నీళ్ళు కొడుతున్నాను. రోజుకి మూడుసార్లు.

పిచ్చిగా పెరిగితే పాములు దూరతాయని కత్తిరించేశాను కూడా. మా లైన్లలో ఎప్పుడూ గడ్డిని నేలకంటా కోసేయడమే అలవాటు. పక్కింటి మునీంద్ర గోడ మీదుగా చూసి, ఏమన్నా, గడ్డికి గుండు కొట్టించినావే, తిరపతి మొక్కా అని నవ్వాడు. వాడికి రోజూ బెంగళూరు రైల్లో నిలబడి పనికి పోయి రావడం తప్ప ఏం తెలుసు?

మార్చి 31, సోమవారం

నిన్న ఉగాది. వేప్పూత తిన్నాను. ఒక మూల గడ్డి పసుపు రంగుకి తిరిగింది.

ఏప్రిల్ 8, మంగళవారం

తొక్కితే పాత పేపర్‌లా గరగరలాడుతోంది. ఇంకా నీళ్ళు, ఇంకా నీళ్ళు. బోరు నీళ్ళు వదిలినప్పుడల్లా పైపు నా చేతిలోనే.

గంగమ్మ అటక మీద నుంచి పెద్ద సంచి దించింది. ఏమిటని అడిగితే, ఎండకి పెడతా ఉండానప్పా, బూజు పట్టుండాది అంది. ఎండకి పెట్టే ముఖమా అది! నాకు తిక్క రేగి అన్నం సగంలో లేచాను. ఇల్లంతా తిరిగాను. కూర్చుంటే దగ్గు, నిలబడితే చిరాకు. కాలు కాలిన పిల్లి మాదిరి తిరగొద్దు, నాకు కండ్లు తిరగతా ఉండాయి అంది.

ఏప్రిల్ 10, గురువారం, ఉదయం 6

కోపంలో ఎండిన చోట గట్టిగా తన్నాను. గడ్డి చాప చుట్టినట్టు లేచి వచ్చేసింది.

వేళ్ళు చూశాను. గోరంత. అంతకన్నా కిందికి ఒక్కటీ పోలేదు. ఆ కింద మట్టి పిండిలా పొడిగా ఉంది. రోజుకి మూడుసార్లు నీళ్ళు కొట్టిన చోటు!

అక్కడే గట్టు మీద కూలబడ్డాను. అప్పుడు వెలిగింది. గనిలో బ్లాస్టింగ్ అయ్యాక రాళ్ళ మీద నీళ్ళు చిమ్మేవాళ్ళం. పొడి లేవకుండా పైపైన తడిస్తే చాలు. రాయి లోపలికి నీళ్ళు పోయాయా లేదా అని ఎవడు చూస్తాడు? చెయ్యి ఆ పని మరిచిపోలేదు. ఇన్నాళ్ళూ గడ్డికి ముఖం కడిగాను తప్ప గుక్కెడు తాగించలేదు. పైన తడి ఉంటే వేరు కిందికి ఎందుకు పోతుంది? నాలాంటి బద్ధకస్తుడే అదీ. పైగా గుండు కొట్టి నెత్తి మీద నీడ కూడా లేకుండా చేశాను.

సిగ్గేసింది. నవ్వూ వచ్చింది. గంగమ్మకు చెప్పలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

తెల్లారకముందే పైపు నేల మీద పడేసి సన్నధార వదిలాను. చిమ్మడం లేదు. ఒక చోట బాగా ఇంకాక ఇంకో చోటికి జరపడం. ఇనప చువ్వ గుచ్చి చూశాను. జానెడు లోతు సులువుగా దిగితే చాలు, దిగకపోతే ఇంకాసేపు.

ఇక నాలుగైదు రోజులు ముట్టుకోకూడదు. కోయకూడదు కూడా. పొడుగ్గా పెరిగి తన మొదలుకి తానే నీడ పట్టుకోవాలి.

ఏప్రిల్ 13, ఆదివారం

ముట్టుకోలేదు. చేతులు పీకుతున్నాయి.

ఏప్రిల్ 26, శనివారం

పచ్చదనం తిరిగొస్తోంది! ఎండిన చోట కూడా పక్క నుంచి పాకుతోంది. కొసలు మాత్రం తీశాను, ఆ తుక్కు అక్కడే వదిలాను. ఊడ్చకపోతే చెత్తలా ఉండాది అని గంగమ్మ గొణిగింది. ఉండనీ. మట్టి చల్లగా ఉంటుంది.

సంచి మళ్ళీ అటకెక్కలేదు. మంచం కిందే ఉంది.

మే 8, గురువారం

రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. ఇప్పుడే వచ్చాం.

మంగళవారం మధ్యాహ్నం గుట్టల వైపు నుంచి గాలి లేచింది. వీధంతా బూడిద. అందరూ తలుపులు వేసుకున్నారు. నేనూ వేసుకున్నాను. గాలి తగ్గాక గడ్డి మీద పేరుకున్న పొడి చూసి ఉండబట్టలేక పైపు పట్టుకుని బయటికి పోయాను. సగం కూడా కడగలేదు. గాలి అందలేదు. మోకాళ్ళ మీద పడ్డాను. గంగమ్మ పరిగెత్తుకొచ్చి లేపబోయింది. లేపలేకపోయింది. ఆమె అరుస్తోందని తెలుస్తోంది, ఎవరూ రాలేదు. చివరికి రోడ్డు మీద పోయే ఆటోవాడు చూసి ఆగాడు.

గడ్డి మంచిదే, కానీ ఛాతీ లోపలికి పోయిన పొడి పోయిందే అని డాక్టర్ అన్నాడు.

ఇంటికి రాగానే గేటు దగ్గర నిలబడి చూశాను. పచ్చగా ఉంది. వానలకి ఇంక నెలే, పందెం నాదే అన్నాను, నవ్విద్దామని.

గంగమ్మ నవ్వలేదు. గెలిచినావులేప్పా, ఎవురు కాదన్నారు? గడ్డి కోసరమా నేను పోదామనింది? నీ చేతులు రెండూ పట్టి గుంజినాను, నువ్వు లేయలేదు. నీకు దగ్గొస్తే భయం, దగ్గు నిలిస్తే ఇంగా భయం. రేయంతా నీ రొమ్ము లేస్తా ఉండాదా లేదా అని చూస్తా పండుకుంటా. ఒక్కదాంతో కాదు. ఆడ మునేషు ఉండాడు. నాతోకూడా ఇంగో మనిషి ఉంటాడు అంది.

ఆమె నిద్రపోవడం లేదని నాకు తెలియదు. పక్కనే పడుకుంటాను, తెలియదు.

మే 9, శుక్రవారం

సంచి నేనే మంచం కింద నుంచి లాగాను.

మే 15, గురువారం

మునీంద్రకు పైపు అప్పజెప్పాను. రైలుకి పోయే ముందు చీకట్లోనే పెట్టు, రోజూ వద్దు, చువ్వ దిగేదాకా తాగనివ్వు, పొట్టిగా కోయొద్దు అని చెప్పాను. సరేన్నా, సరేన్నా, నా బిడ్డ మాదిరి చూసుకుంటా పో అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

ఎండిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. పచ్చగా ఉన్నదాన్ని వదిలి పోవాలి.

మే 19, సోమవారం, మధ్యాహ్నం

గౌనిపల్లి. గంగమ్మ వసారాలో చాప మీద పడుకుంది. మునేష్ ఎదురుగా మామిడికాయలు బుట్టలకి ఎత్తుతున్నాడు. నాకు దగ్గు వచ్చింది. వాడు తలెత్తి చూశాడు. ఆమె లేవలేదు.

ఇంకోసారి కావాలనే గట్టిగా దగ్గాను.

గురక పెడుతోంది.