చూసేదానికి దుడ్డు లేదు

నాయనా,

ఆడికృత్తిక పండగ వస్తోంది. తిరుత్తణి కొండకు వెళ్లే జనాన్ని మన చీరల అంగడి గడపలో నిలబడి నువ్వు పిలవడం గుర్తొస్తోంది: "రాండమ్మా, సుమ్మా చూసి పోండి. చూసేదానికి దుడ్డు లేదు!"

నువ్వు పోయాక ఫోన్లలో ప్రకటన ఇస్తున్నాను. దాన్ని ఎవరు నొక్కినా, ఏమీ కొనకపోయినా, మనకు ఖర్చే. ప్రకటన లెక్క చూస్తే, పళ్ళిపట్టు నుంచి ఎవరో రోజూ పొద్దున్నే నొక్కి, కొనకుండా పోతున్నారు. పోటీ అంగడివాళ్లేనని తిట్టుకున్నాను.

నిన్న పళ్ళిపట్టులో అమ్మను చూడబోతే, ఫోన్లో మన ప్రకటనే నొక్కుతోంది. నొక్కగానే మగ్గం మీద కూర్చున్న నీ ఫొటో వచ్చింది.

"ఇట్ల నొక్కితే మీ నాయన కనబడతాడు రా," అంది.

నొక్కితే ఖర్చని చెప్పలేదు. గడపలో నువ్వుంటే నన్ను చెప్పనిచ్చేవాడివా?