దొనలో నీళ్లు

జమ్మలమడుగు, 1958 చైత్రం, శనివారం రాత్రి.

రేపు వేకువనే రాత్రిబడి మిత్రులు నలుగురిని కొండకు తీసుకొని పోవలసి ఉన్నది. దారిపటం నేనే గీశాను. సగం దారిలో రాతిదొన ఉన్నది గనుక నీళ్లు మోయనక్కరలేదని అందరికీ చెప్పాను.

సాయంత్రం జనసంచారం లేని కొండబాట మొదట గొర్రెలకాపరి ఓబులేసు నా పటం చూసి నవ్వాడు.

"దొన ఎండి నెలాయ మామా. ఈ కాగితం పిండుకోని తాగుతారా ఏంది?"

చదువు రానివానిని అడగడమేమిటని దొన సంగతి నేను ముందుగా విచారించలేదు. "నాకు తెలుసులేప్పా" అని బొంకి వచ్చాను.

మాలో పెద్దవాడైన హుసేనప్పకు ఆయాసమున్నది. దొన ఎండిందని చెప్పడానికి ఆయన గడప దాకా వెళ్లి, తలుపు తట్టకుండానే తిరిగి వచ్చాను.

నా రెండు సొరబుర్రల్లో నీళ్లు నింపుకొన్నాను. ఐదుగురికి అవి చాలవు. హుసేనప్ప ఇంట దీపమింకా వెలుగుతున్నది. నేను చెప్పులు విప్పలేదు.